మీ ఆటకు సరిపోని బ్యాటే కొనండి

జగిత్యాలలో కొన్నా, కరీంనగర్ పోయి కొన్నా, కోరుట్లలో ఇంట్లో కూర్చుని ఫోన్లో తెప్పించుకున్నా షటిల్ బ్యాట్ కొనేవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "మీది అటాకింగ్ గేమా, డిఫెన్సా?" జవాబు చెప్పగానే బ్యాట్ తేలిపోతుంది. స్మాష్ కొట్టేవాడికి తల బరువుండే హెడ్ హెవీ, నెట్ దగ్గర నిలబడేవాడికి హెడ్ లైట్, ఏ సంగతీ తేల్చి చెప్పలేనివాడికి ఈవెన్ బ్యాలెన్స్. కంపెనీల పట్టికలూ ఇదే చెప్తాయి. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. మీ ఆట ఏమిటో నిజాయితీగా తేల్చుకోండి. తేల్చుకున్నాక దానికి సరిపోని బ్యాట్ కొనండి.

ఈ మాట ఎవరికి చెప్తున్నానో ముందే చెప్పాలి. పొద్దున ఆరింటికి ఓ గంట, లేదంటే దుకాణం కట్టేశాక రాత్రి ఓ గంటన్నర ఆడేవాళ్లకు. అకాడమీల్లో కోచ్ కళ్లెదుట రోజంతా చెమటోడ్చే పిల్లల బ్యాట్ సంగతి కోచ్ చూసుకుంటాడు. మిగిలిన మనం "నా స్టైల్" అని చెప్పుకునే దాంట్లో చాలా భాగం మనకు రాని దెబ్బలను తప్పించుకునే అలవాటే. "నాది స్మాష్ గేమ్ అన్నా" అనే తమ్ముణ్ని కాసేపు గమనించండి. కాక్ ఎడమ వెనక మూలకు పడితే బ్యాక్‌హ్యాండ్ ఆడడు. ఒళ్లంతా తిప్పుకుని, చుట్టు తిరిగి వచ్చి ఫోర్‌హ్యాండ్‌తోనే కొడతాడు. ఆ ఒక్క దెబ్బకు కోర్టు సగం ఖాళీ అవుతుంది. "ముందర నేను చూసుకుంట, వెనక నువ్వు కొట్టు" అనే పెద్దాయనకు నెట్ మీద ప్రేమేమీ లేదు. వెనక్కి నాలుగడుగులు వెయ్యడానికి మోకాలు ఒప్పుకోదు, అంతే. ప్రతి కాక్‌నూ ఎత్తి వెనక్కే పంపేవాడు డిఫెన్స్ ఆటగాడని పేరు తెచ్చుకుంటాడు. అతనికి డ్రాప్ వెయ్యడం రాదని జోడీగా ఆడినవాడికే తెలుసు.

ఇట్లాంటి ఆటకు సరిపోయే బ్యాట్ చేతికిస్తే తప్పించుకోవడం ఇంకా సుఖమవుతుంది. హెడ్ హెవీ చేతిలో ఉన్న తమ్ముడు మరిన్ని స్మాష్‌లు కొడతాడు, బ్యాక్‌హ్యాండ్ వైపు అసలే చూడడు. రెండేళ్ల తర్వాత కూడా అదే ఆట ఆడుతుంటాడు, భుజం మాత్రం నొప్పి పెడుతుంటుంది. సరిపోని బ్యాట్ అట్లా పోనివ్వదు. అలవాటైన దెబ్బకు దాని దగ్గర సాయం దొరకదు కాబట్టి, చెయ్యి వేరే దారి వెతుక్కోక తప్పదు.

స్మాష్‌కు హెడ్ హెవీయే కావాలన్న మాట ఎంత గట్టిదో చూడండి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా రాష్ట్రం సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాసియంలో మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టాడు. గిన్నిస్ రికార్డు అది. అంతకు ముందు రికార్డు 2013లో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరు మీద ఉన్న 493 కిలోమీటర్లు. సాత్విక్ చేతిలో ఉన్నది నానోఫ్లేర్ 1000 జెడ్. అది హెడ్ లైట్ బ్యాట్. పట్టిక ప్రకారం నెట్ దగ్గర వాడుకోవాల్సిన జాతిది. తేలిక తల గాలిలో వేగంగా తిరుగుతుంది. ఆ వేగాన్ని పుట్టించే ముంజేయి, వేళకు కాక్‌ను అందుకునే కన్ను ఉంటే బరువు తలతో పనిలేదు. అవి లేనివాడికి బరువు తల చేసే సాయం కొంతే. పైగా 565 అనేది కాక్ బ్యాట్‌ను వదిలిన క్షణంలోని వేగం. కాక్‌కు గాలి అడ్డు ఎంత ఎక్కువంటే, అవతలి ఆటగాణ్ని చేరేసరికి ఆ వేగంలో చాలా భాగం పోతుంది. రాత్రిపూట మనం ఆడే డబుల్స్‌లో పాయింటు తెచ్చేది వేగం కన్నా కాక్ ఎక్కడ పడిందన్నదే.

ముందు అవతలి జోడీని అడగండి

తప్పు బ్యాట్ కొనాలంటే మీరు తప్పించుకుంటున్నది ఏమిటో తెలియాలి. అది మీకు మీరుగా కనిపెట్టలేరు. మీ జోడీ చెప్పడు, మొహమాటం. ఎదుటివాళ్లు చెప్తారు. పాయింటు కావాల్సి వచ్చినప్పుడు కాక్ ఎక్కడికి పంపాలో వాళ్లకు ఏనాడో తెలుసు. ఆట అయిపోయి బెంచీ మీద కూర్చున్నప్పుడు "కాకా, 18 దాటినంక నాకు కాక్ ఎక్కడేస్తవు?" అని అడగండి. "నీ ఎడమ చెయ్యి మీదికి", "నీ ఒంటి మీదికే", "నెట్ ముందర చిన్నగ" అన్న జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. ఆ జవాబు పట్టుకుని దుకాణానికి పోండి.

ఎవరికి ఏది తప్పు

స్మాష్ తప్ప వేరే దెబ్బ లేనివాడు హెడ్ లైట్ తీసుకోవాలి. మొదటి పది రోజులు చేతిలో బ్యాటే లేనట్టుంటుంది. భుజం బలమంతా పెట్టినా కాక్ దిగదు. అప్పుడు రెండే దారులు మిగులుతాయి. ముంజేయి తిప్పి కొట్టడం నేర్చుకోవడం ఒకటి, స్మాష్ కొట్టబోయినట్టు నటించి డ్రాప్ వెయ్యడం రెండోది. రెండూ కావాల్సినవే. షాఫ్ట్ కొంచెం గట్టిగా ఉండేదైతే ఇంకా మంచిది. మెత్తటి షాఫ్ట్ ఆలస్యంగా వంగి, ఆలస్యంగా తిరిగొచ్చి, నిదానంగా ఊపేవాడి లోటు కొంత పూడుస్తుంది. గట్టి షాఫ్ట్ ఏమీ పూడ్చదు. ఊపింది ఎంతో అంతే ఇస్తుంది.

నెట్ దగ్గరే నిలబడేవాడికి, ఒంటి మీదికొచ్చిన కాక్‌ను ఊరికే బ్యాట్ అడ్డం పెట్టి తిప్పి పంపేవాడికి హెడ్ హెవీ ఇవ్వాలి. ఈ ముక్క చెప్తే ఆటగాళ్లు కోప్పడతారు. తల బరువైతే బ్యాట్ లేవదు, అడ్డం పెట్టడమే కష్టం కదా అంటారు. అందుకే ఇవ్వాలి. హెడ్ లైట్ ఉన్నవాడు బ్యాట్‌ను తొడ దగ్గర వేలాడేసి నిలబడి, కాక్ వచ్చాక లేపుతాడు. తేలిక కాబట్టి సరిపోతుంది. హెడ్ హెవీతో అది కుదరదు. ఎదుటివాడు కొట్టకముందే బ్యాట్ ఛాతీ ముందుకు రావాలి, మోచేయి ఒంటికి దూరంగా ఉండాలి. ఏ కోచ్ అయినా మొదటి రోజు చెప్పే పాఠమే ఇది. మనం వినం. బరువు తల వినేట్టు చేస్తుంది.

ఎత్తి వెనక్కి పంపడమే ఆటగా పెట్టుకున్నవాళ్లకు బ్యాట్ కన్నా గట్ మార్చడమే పెద్ద మందు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆడపిల్లల విషయంలో నాకు గట్టి కోపమే ఉంది. దుకాణంలో అమ్మాయి అడుగు పెట్టగానే 5యూ బ్యాట్ చేతిలో పెడతారు. అంటే 75 నుంచి 80 గ్రాముల లోపు. 4యూ అయితే 80 నుంచి 85 లోపు, 3యూ అయితే 85 నుంచి 90 లోపు. "ఆడపిల్లలది డిఫెన్స్ గేమ్ కదా" అన్న మాట వెంటే వస్తుంది. చిన్నప్పటి నుంచి రాయి విసరనివ్వలేదు, బంతి విసరనివ్వలేదు కాబట్టి చాలామంది అమ్మాయిలకు చెయ్యి తల మీదికి పూర్తిగా చాపి కొట్టే అలవాటు ఉండదు. దాన్ని స్టైల్ అనేసి, ఆ స్టైల్‌కు తగ్గ బ్యాట్ ఇచ్చేస్తే ఆ చెయ్యి ఎప్పటికీ చాచుకోదు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు నొజోమి ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించింది. ఆ ఆట చూసినవాళ్లెవరూ ఆడపిల్లల ఆట డిఫెన్స్ అనలేరు. గురుకులంలో చదివే చెల్లెకు బ్యాట్ కొనిపెడుతున్నారా? 4యూలో హెడ్ హెవీ కొనండి. గులాబీ రంగు చూసి ఎంచకండి.

డబుల్స్ ఆడే జోడీలకు ఇంకో సలహా. యోనెక్స్ 2018లో ఆస్ట్రాక్స్ 88 అని రెండు రకాలు తెచ్చింది. 88 డి వెనక నుంచి కొట్టేవాడికట, 88 ఎస్ ముందుండి ఆడించేవాడికట. మన దగ్గర అన్నదమ్ములు చెరొకటి కొనుక్కున్న జోడీలు కనిపిస్తాయి. కానీ డబుల్స్‌లో ముందు, వెనక అన్నవి మనుషుల పేర్లు కావు. ఒక్క ర్యాలీలోనే ఇద్దరూ చోట్లు మారుతూ ఉండాలి. చేతిలో వెనకవాడి బ్యాట్ ఉందన్న ధీమాతో ఒకడు వెనకే పాతుకుపోతే ఆ జోడీని ఓడించడం చాలా సులువు. వారానికి ఒక రోజు బ్యాట్లు మార్చుకోండి. వెనకవాడు ముందువాడి బ్యాట్‌తో వెనకే ఆడాలి. అప్పుడు తెలుస్తుంది దెబ్బలో తన పాలు ఎంతో, బ్యాట్ పాలు ఎంతో.

పదిహేను వేల బ్యాట్ కొనే స్తోమత అందరికీ లేదు, అవసరం కూడా లేదు. రెండు మూడు వేలలో వచ్చే గ్రాఫైట్ బ్యాట్ చాలు. మీ దగ్గర ఉన్నదాన్నే తప్పు బ్యాట్‌గా మార్చుకోవచ్చు కూడా. వేలు మీద షాఫ్ట్‌ను నిలబెట్టి చూడండి. పిడి చివరి నుంచి ఆ బిందువు దాకా కొలవండి. సుమారు 285 మిల్లీమీటర్ల లోపైతే హెడ్ లైట్, 295 దాటితే హెడ్ హెవీ, మధ్యలో ఉంటే సమానం. తల పైభాగంలో రెండు మూడు గ్రాముల లెడ్ టేప్ అంటిస్తే బరువు తలకు జరుగుతుంది. పిడి మీద ఇంకో ఓవర్‌గ్రిప్ చుడితే వెనక్కి జరుగుతుంది. బ్యాడ్మింటన్ నియమాలు బ్యాట్ పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు దాటొద్దంటాయి కానీ బరువుకు ఏ హద్దూ పెట్టలేదు. కాబట్టి ఇది తప్పు పని కాదు, నిశ్చింతగా చేసుకోండి.

గట్టింగ్: సిరిసిల్లకు తెలిసిన సంగతి

బ్యాట్ తప్పుదైనా ఫర్వాలేదు, గట్టింగ్ విషయంలో మాత్రం దుకాణదారు మాట అస్సలు వినొద్దు. "ఎన్ని పౌండ్లు అన్నా?" అంటే "అందరూ 28 వేయిస్తున్నరు" అంటాడు. అంతర్జాతీయ ఆటగాళ్లు 28, 30, ఇంకా పైనే బిగిస్తారన్నది నిజమే. గట్ ఎంత బిగిస్తే కాక్‌ను తిప్పికొట్టే సాయం అంత తగ్గుతుంది. సరిగ్గా మధ్యలో తగిలితేనే దెబ్బ పలుకుతుంది. కాస్త పక్కకు తగిలిందా, అదిరేది మోచేయి. మనకు 21, 22 చాలు. 24 దాటితే ఆట కోసం కాదు, చెప్పుకోవడం కోసం.

ఇది సిరిసిల్లవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. బ్యాట్‌లో నిలువు తీగలు ముందు బిగిస్తారు, ఆ తర్వాత అడ్డ తీగలు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి దూర్చుకుంటూ పోతారు. సాంచా (మరమగ్గం) మీద పడుగులో పేక పడే తీరే ఇది. పడుగు వదులైతే బట్ట ముడతలు పడుతుంది. మరీ బిగిస్తే పోగు తెగుతుంది, సాంచా ఆపి అతుకు వెయ్యాలి. ఎంత బిగువు చాలో మీటరు చూడకుండా అరచేత్తో పడుగు మీద నొక్కి చెప్పేవాళ్లు ఆ ఊరి నిండా ఉన్నారు. అంత చెయ్యి ఉన్న ఊళ్లో బ్యాట్ గట్ బిగువు మాత్రం ఏదో వీడియోలో ఎవరో చెప్పిన అంకె చూసి వేయించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీ వేళ్లతో నొక్కి చూడండి. ఇంకో బ్యాట్ పిడితో తట్టి శబ్దం వినండి. కొత్తగా గట్టింగ్ అయిన రోజున ఆ శబ్దం గుర్తు పెట్టుకుంటే, నెల తర్వాత బిగువు ఎంత జారిందో మీకే తెలుస్తుంది.

బీజీ65 తీగ మందం 0.70 మిల్లీమీటర్లు. బీజీ66 అల్టిమాక్స్ 0.65. సన్న తీగ శబ్దం గొప్పగా వస్తుంది, తొందరగా తెగుతుంది. పన్నెండు గంటల షిఫ్టు సాంచాల దగ్గర నిలబడి, ఆ తర్వాత రాత్రి షటిల్‌కు వచ్చే మనిషికి నేను బీజీ65నే చెప్తాను, 20 పౌండ్లకే చెప్తాను. అప్పటికే అలిసిన చెయ్యి అది. ఆ చేతికి ఇంకో బరువు పెట్టే హక్కు ఏ బ్యాట్‌కూ లేదు. ఇక్కడ సరిపోని బ్యాట్ అన్న నా వాదన ఆపేస్తాను.

ఎత్తి వెనక్కి పంపేవాళ్ల సంగతి చెప్తానన్నాను. వాళ్లు అలవాటైన బిగువు కన్నా రెండు పౌండ్లు పెంచుకోవాలి, అదీ 24 లోపే. ఇంతకాలం కాక్ వెనక గీత దాకా పోయిందంటే వదులు గట్ విసిరింది కాబట్టి పోయింది. రెండు పౌండ్లు పెరిగేసరికి అదే దెబ్బ కోర్టు మధ్యలో పడి, ఎదుటివాడు దంచేస్తాడు. నాలుగు రోజులు దంచించుకుంటే ఎత్తకుండా కిందికి ఆడే దారి చెయ్యి తనంతట తానే వెతుక్కుంటుంది.

ఒక్క తీగ తెగినా మిగతావన్నీ వెంటనే కత్తిరించెయ్యండి, మధ్య నుంచి మొదలుపెట్టి. ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు ఉంటే ఫ్రేమ్ వంకర పోతుంది. "రేపు గట్టింగ్‌కు ఇస్త" అని బ్యాగులో పడేస్తే, ఆ రేపు దాకా ఫ్రేమ్ అట్లా నలుగుతూనే ఉంటుంది.

బాగా ఆడలేని కాలంలో కొనండి

మన దగ్గర బ్యాట్లు ఎక్కువగా అమ్ముడుపోయేది చలికాలంలో. డిసెంబర్, జనవరి రాత్రుల్లో వాడవాడకూ నెట్ కడతారు, లైట్లు కడతారు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, కాక్ బరువుగా పోతుంది, వెనక గీతను అందుకోదు. అందరికీ బరువు తల బ్యాట్ కావాలనిపిస్తుంది. అదే బ్యాట్‌తో మే నెలలో ఆడి చూడండి. 45 డిగ్రీలు తాకే జగిత్యాల ఎండలకు వేడెక్కిన గాలి పలచబడుతుంది, రేకుల షెడ్డు కింద కాక్ తగిలిందే తడవు బయటికి పోతుంది. అందుకే నేను మే నెలలో కొనమంటాను. వేసవిలో తేలిగ్గా తోచిన బ్యాట్‌తోనే చలికాలం గడపండి. వెనక గీత దాకా పంపే దెబ్బ అప్పుడు వస్తుంది చేతికి.

మరొక మాట. నైలాన్ కాక్ టోపీకి ఉండే రంగు పట్టీని ఎవరూ చూడరు. ఆకుపచ్చ నిదానం, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండాకాలంలో కూడా నీలం పట్టీ మావిస్ 350తోనే ఆడి, కాక్ అదుపులో లేదని బ్యాట్‌ను తిడతారు. ఆకుపచ్చ పట్టీది అడిగి తీసుకుంటే ఆ తిట్లు తగ్గుతాయి. బ్యాట్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి. గట్ బిగువు ఒక్క మధ్యాహ్నంలోనే జారిపోతుంది.

చెక్క బ్యాట్లనాటి ఆట

స్టైల్‌కు తగ్గ బ్యాట్ అన్న ఆలోచనే మన ఊళ్లకు కొత్త. పెద్దవాళ్లు ఆడింది బాల్ బ్యాడ్మింటన్. జట్టుకు ఐదుగురు, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టు, పసుపు ఉన్ని బంతి. బడిలో ఉన్న చెక్క బ్యాట్లు ఎవరికి ఏది దొరికితే అది. బరువు నేటి షటిల్ బ్యాట్‌కు రెట్టింపు, ఇంకా ఎక్కువే. అయినా ముందు ఆడేవాడి చేతివాటం వేరు, వెనక ఆడేవాడిది వేరు. నిలబడ్డ చోటు ఆట నేర్పింది. వరంగల్‌లో స్థిరపడిన జె. పిచ్చయ్య ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్నారు, ఈ ఆటకు వచ్చిన మొదటి అర్జున అది. ఆ తరం దగ్గర ఆట నేర్చుకున్న పీఈటీ సార్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే, దుకాణానికన్నా ముందు వాళ్ల దగ్గరికి పోండి.

గల్ఫ్ బ్యాగులో వచ్చే పాడెల్ బ్యాట్

ఇప్పుడు మన ఇళ్లలోకి ఇంకో బ్యాట్ వస్తోంది. తీగలు లేవు, మందంగా, చిల్లులతో ఉంటుంది. పాడెల్ బ్యాట్ అది. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్క్వేరా అనే ఆయన ఇంటి ఆవరణలో పుట్టిన ఆట. 1974లో స్పెయిన్‌లోని మార్బెయాకు చేరింది. 2021లో దోహా, 2022లో దుబాయ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లకు వేదికలయ్యాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఆ అద్దాల కోర్టులను రోజూ చూస్తున్నారు. నలుగురు పంచుకున్నా అక్కడ గంట కోర్టు అద్దె సాధారణ కార్మికుడి రోజు కూలితో పోటీ పడుతుంది. అయినా సెలవుకు వచ్చేటప్పుడు తమ్ముడి కోసం ఒక బ్యాట్ తెచ్చే అన్నలున్నారు. ఆ ప్రేమ వృథా పోకూడదు కాబట్టి ఏది తేవాలో చెప్తాను.

తల ఆకారాన్ని బట్టి మూడు రకాలు. గుండ్రటిది, కన్నీటి బొట్టు ఆకారంది, వజ్రం ఆకారంది. వజ్రం ఆకారందాంట్లో బరువు పైకి ఉంటుంది, దెబ్బ గట్టిది, సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నది. గుండ్రటిదాంట్లో బరువు పిడి వైపు ఉంటుంది, తగలాల్సిన చోటు పెద్దది. షటిల్ ఆడి వచ్చిన మనవాడు దుకాణంలో తన ఆట గురించి ఏమని చెప్తాడు? స్మాష్ అని. వాళ్లు వజ్రం ఆకారందే ఇస్తారు. ఇక్కడ సరిపోయే బ్యాట్ ఇంకా ప్రమాదం. పాడెల్ కోర్టు 20 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, చుట్టూ అద్దాలు, జాలీలు. బంతి నేలను తాకి వెనక అద్దానికి తగిలి తిరిగొచ్చినా ఆట ఆగదు. షటిల్‌లో గట్టిగా కొట్టిన దెబ్బ అక్కడితో అయిపోతుంది. పాడెల్‌లో గట్టిగా, అజాగ్రత్తగా కొట్టిన బంతి అద్దానికి తగిలి ఎదుటివాడి బ్యాట్ ముందుకు తీరిగ్గా వచ్చి నిలబడుతుంది. బలమే ఎదురు తిరిగే ఆట ఇది. కాబట్టి షటిల్ కుర్రాడికి గుండ్రటిదే తెమ్మనండి. స్మాష్ మీద అతనికున్న మోజును అది కొన్నాళ్లు ఆపుతుంది. ఆ కొన్నాళ్లలో అద్దం నుంచి వచ్చే బంతి కోసం ఆగడం నేర్చుకుంటాడు. షటిల్ ఆటగాడికి అసలు చేతకానిది ఆ ఆగడమే.

బరువు 350, 360 గ్రాముల దగ్గరే చూడండి. అది కూడా షటిల్ బ్యాట్‌కు నాలుగు రెట్లకు పైనే. నియమం ప్రకారం పొడవు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 26, మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. పిడికి ఉండే తాడును మణికట్టుకు తగిలించుకోవడం తప్పనిసరి, ఆ తాడు తీసేసి ఆడొద్దు. బ్యాట్ మీద 3కె, 12కె, 18కె అని రాసి ఉంటుంది. ఒక్కో కార్బన్ పోగులో ఎన్ని వేల సన్నటి తంతువులు ఉన్నాయన్నదే ఆ లెక్క. పెద్ద అంకె మంచి బ్యాట్ అని కాదు. లోపల ఉండే ఈవీఏ వేడికి మెత్తబడుతుంది, కాబట్టి మన ఎండలకు మరీ మెత్తటిది వద్దు, మధ్యస్థం చాలు.

హైదరాబాద్‌లో పాడెల్ కోర్టులు వచ్చాయి. ఊళ్లో గోడకు కొట్టి అలవాటు చేసుకోండి, అప్పుడప్పుడు పట్నం పోయినప్పుడు నలుగురు కలిసి ఓ గంట కోర్టు తీసుకోండి. ఆ బ్యాట్‌తో షటిల్ నెట్ మీద ప్లాస్టిక్ బంతి ఆడుకునే పిల్లల్ని మందలించకండి. అదీ ఆటే.

ఈ మూడు చోట్ల మాత్రం సరిపోయిందే తీసుకోండి

పిడి లావు. యోనెక్స్‌లో జీ5 కన్నా జీ4 లావు. మీ వేళ్లు పిడిని చుట్టినప్పుడు అరచేతికి, వేళ్ల కొసలకు మధ్య సన్నటి సందు ఉండాలి. సన్నటి పిడి తీసుకుని ఓవర్‌గ్రిప్‌తో పెంచుకోవచ్చు, లావుది తగ్గించలేరు. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు టవల్ గ్రిప్.

మోచేయి బయటి వైపు నొప్పి ఉంటే పైన చెప్పిందేదీ మీకు వర్తించదు. హెడ్ హెవీ, గట్టి షాఫ్ట్, ఎక్కువ పౌండ్లు మూడూ మానేసి డాక్టరుకు చూపించుకోండి. నొప్పితో ఆడటం మగతనం కాదు.

చిన్నపిల్లలకు వాళ్ల పొడవుకు తగ్గ పొట్టి బ్యాటే. "పెరుగుతడు కదా" అని పెద్దది కొంటే మణికట్టు దెబ్బతింటుంది. చొక్కా విషయంలో నడుస్తుంది గానీ బ్యాట్ విషయంలో నడవదు.

ఎప్పుడు అమ్మాలి

సరిపోని బ్యాట్ శాశ్వతంగా సరిపోకుండా ఉండదు. ఆరు నెలలో, ఏడాదిలో, ఒకనాడు అది చేతిలో ఉన్నట్టే తెలియదు. అవతలి కాకను మళ్లీ అడగండి, కాక్ ఇప్పుడు ఎక్కడేస్తున్నాడని. జవాబు మారి ఉంటే ఆ బ్యాట్ పని అయిపోయింది. అమ్మెయ్యండి, కొత్త జవాబుకు సరిపోని ఇంకో బ్యాట్ వెతుక్కోండి. కొత్తదే కానక్కర్లేదు. మీ ఊళ్లోనే తన ఆటకు సరిపోయిందని కొనుక్కుని విసిగిపోయినవాడు ఒకడుంటాడు, మీది అతనికి, అతనిది మీకు. తీసుకునే ముందు గట్ దూరే చిల్లుల చుట్టూ గోరుతో తడిమి చూడండి. షాఫ్ట్, తల కలిసే చోట వెంట్రుకంత గీత ఉన్నా తీసుకోకండి. అది రంగు మీద గీత కాదు, లోపల గ్రాఫైట్ చిట్లినట్టు. 22 పౌండ్లకే విరుగుతుంది.